సొరచేప సీసా మీద పేరు

బందరులో నేను బీయస్సీ చదివిన కాలేజీలో జువాలజీ మ్యూజియానికి కొత్త రంగులు వేశారు. ప్రారంభోత్సవానికి పాత విద్యార్థులను పిలిచారు. నాకు ఎనభై ఎనిమిదేళ్లు, వెళ్లకపోతే ఎందుకు రాలేదని అడిగేవాళ్లు లేరు. ఒక్క సీసా కోసం వెళ్లాను. 1957లో నేను కోసిన సొరచేప తల అందులో ఉంది. దాని మీద నాగభూషణరావు పేరుంది. చచ్చేలోగా అక్కడ నా పేరు చూసుకోవాలి.

నాగభూషణరావు శాలువా కప్పించుకుని వేదిక మీద, బల్ల మీద పెట్టిన ఆ సీసా పక్కనే కూర్చున్నాడు. ఇక్కడే లెక్చరరై, ప్రిన్సిపాలై రిటైరైన మనిషి. మైకు అందుకుని, "ఈ డిసెక్షన్ నా చేతులతో చేశాను. ఆనందమ్మగారు పక్కన నిలబడి అన్నీ అందించారు" అన్నాడు. ఆనందమ్మంటే నేనే. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ రోజుల్లో ఇద్దరికి కలిపి ఒక సొరచేప ఇచ్చేవారు, నాకు జత నాగభూషణరావు. గిలకలదిండి చేపల రేవు నుంచి పొద్దున్నే బుట్టలో వచ్చేవి. నాగభూషణరావు వాళ్లది చేప ముట్టని ఇల్లు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడేవాడు. ప్రాక్టికల్స్ అయ్యాక నూతి దగ్గర తలస్నానం చేస్తేగాని అన్నం తినేవాడు కాదు. "మీ ఇళ్లల్లో అలవాటేగా, నువ్వు కొయ్యమ్మా" అని లెక్చరరుగారు కత్తెర నా చేతిలో పెట్టారు. మా నాన్న ఘంటసాలలో బడి మేష్టారు. అప్పటిదాకా నేను వంటింట్లో కత్తిపీట ముట్టి ఎరగను. చెప్తే వినేదెవరు? పంతం పట్టి నేర్చుకున్నాను. ఒక్క నరం తెగకుండా తల మొత్తం విప్పాను. తెల్లటి నరం కనబడాలంటే దాని కింద నల్ల కాగితం పెట్టాలి. కాగితం నానిపోతోందని నా నల్ల జడ రిబ్బను కత్తిరించి పెట్టాను. అంతా అయ్యాక తలను మ్యూజియం సీసాలో పెట్టి, చీటీ మీద మగపిల్లాడి పేరు రాయించారు.

లేచి వేదిక దగ్గరికి వెళ్లాను.

"ఏమయ్యా, నీ చేతులతో చేశావా? అయితే మూత తీసి ఆ తల బయటికి తియ్యి."

"ఈ వయసులో గొడవలెందుకండీ?" అన్నాడు.

"ఆ నరాల కింద ఉన్నది నా జడ రిబ్బను. నువ్వు జడ వేసుకునేవాడివా?"

కుర్రకారు గొల్లుమన్నారు. డిపార్టుమెంటు హెడ్డు తేజస్వినిగారు కంగారుగా వచ్చింది.

"ఇద్దరి పేర్లూ రాద్దాం మేడమ్."

"అక్కర్లేదండీ. నాదొక్కటే రాయండి."

నేనే మూత తిప్పాను. ఫార్మాలిన్ వాసన గుప్పుమంది. నాగభూషణరావు మొహం తిప్పుకున్నాడు.

ముందు వరసలోంచి ఒకమ్మాయి లేచింది. అతని మనవరాలు గీతాంజలి, ఇక్కడే జువాలజీ ఫైనలియర్ చదువుతోంది.

"తాతయ్యా, నువ్వు కోసిందే కదా? చెప్పు వాళ్లకి."

అతను తలెత్తలేదు. "నాకా వాసన పడేది కాదమ్మా" అన్నాడు.

ఆ పిల్ల మొహం పాలిపోయింది. ఈ సీసా గురించి ఇంట్లో ఎన్ని గొప్పలు విని ఇక్కడ చేరిందో! తేజస్వినిగారు కొత్త చీటీ, పెన్నూ తీసింది. నేను అడ్డుపడ్డాను.

"ఆ అమ్మాయి చేత రాయించండి."

"పాపం, చిన్నపిల్ల మేడమ్!"

"అప్పుడు నేనూ చిన్నపిల్లనే."

గీతాంజలి కళ్లు తుడుచుకుని నా పేరు రాసింది. నాకు జాలి వెయ్యలేదు. వెయ్యాలని కూడా అనిపించలేదు.

"ఇంకేమైనా రాయాలాండీ?" అంది.

"ఒక్కతే కోసిందని రాయమ్మా. పైకి చదువుతూ రాయి, మీ తాతగారికి వినపడాలి."