మేస్టారింటి టీవీకి మాట పోయింది

ఇంటికి సున్నాలు వేయించిన రోజున రంగనాథం మేస్టారింట్లో టీవీకి మాట పోయింది. బొమ్మ పోలేదు, పాట పోలేదు. సినిమాలో వాన పడితే హాలంతా చినుకుల చప్పుడే. తలుపు కొడితే మన వీధి తలుపే కొట్టారేమోనని లేచి చూసేలా ఉండేది. మనుషులు మాత్రం నోళ్లు ఆడించి ఊరుకునేవారు.

మేస్టారు టీవీ చూసే మనిషి కాదు. గరివిడిలో ఇరవై రెండేళ్లుగా హైస్కూలు పిల్లలకి తెలుగు చెబుతున్నారు. ఇంటికొస్తే వరండాలో కుర్చీ, పేపరు, దిద్దాల్సిన పుస్తకాలు. హాల్లోని టీవీ, దాని చుట్టూ ఉన్న హోమ్ థియేటరు, ఆ పెట్టెలు, ఆ వైర్లు అన్నీ భార్య పద్మకుమారివి. ఆరేళ్ల కిందట ఆయన ఎన్నికల డ్యూటీకి వెళ్లి వచ్చేసరికి, ఆమె విజయనగరం నుంచి మెకానిక్కుని పిలిపించి అన్నీ బిగించేసింది. స్పీకర్లు ఎన్ని, ఎక్కడెక్కడ పెట్టించావు అని ఆయన అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు. వచ్చే ఆదివారానికి ఏడాది.

ఆ ఆదివారం కోసమే సున్నాలు. ఆ ఆదివారం కోసమే కూతురు హర్షిత హాస్టల్లో కూర్చుని పన్నెండు నిమిషాల వీడియో తయారుచేసి పంపింది. పద్మకుమారి తన తమ్ముడికి పనసపొట్టు కూర నేర్పుతూ, నేర్పిన దానికన్నా ఎక్కువ తిడుతూ ఉన్నప్పుడు ఎవరో ఫోనులో తీసిన వీడియో అది. భోజనాలయ్యాక చుట్టాలంతా హాల్లో కూర్చుని ఆ గొంతు ఒకసారి వినాలని హర్షిత కోరిక. మేస్టారు పైకి అనలేదు గాని ఆయన కోరికా అదే. పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తే, హర్షిత వెనకాల కలిపిన వీణ వినిపించింది. మూకుడులో ఆవాలు చిటపటమన్నాయి. పద్మకుమారి గరిటె ఊపుతూ ఏదో అంటోంది. ఏమంటోందో వినబడలేదు.

శుక్రవారం సాయంత్రం బావమరిది ధర్మేంద్ర చీపురుపల్లి నుంచి బండి మీద సంచెడు వైర్లతో దిగాడు. కూర నేర్చుకున్న తమ్ముడు అతనే. అతనిది ఫ్యాన్లు, మిక్సీలు అమ్మే షాపు. హోమ్ థియేటర్లు తనకు తెలిసిన పని కాదన్న సంగతి మేస్టారికి తెలుసు, అతనికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

తప్పంతా ఎరుపు తెలుపు మూతుల పాత వైర్లదేనని ధర్మేంద్ర మొదట తేల్చేశాడు. టీవీ నుంచి యాంప్లిఫయరుకి డిజిటల్ దారులు రెండున్నాయట. ఒకటి ఆప్టికల్. పురికొసంత సన్నం. దాని కొసన ఎర్రటి వెలుగు చుక్క వస్తుంది. మేస్టారి అరచేతిలో ఆ చుక్క పెట్టి చూపించి మరీ బిగించాడు. వీణ కడిగినట్టు శుభ్రంగా వినిపించింది. మాట రాలేదు. రెండోది హెచ్‌డీఎంఐ. టీవీ వెనక ఒకేలాంటి కన్నాలు మూడుంటే, శబ్దం వెనక్కి వచ్చేది వాటిలో ఒక్కదాని నుంచేనట. అది తెలిసేసరికి అరగంట గడిచింది, రెండు టీలయ్యాయి. అప్పుడూ మాట రాలేదు.

ఇక సెట్టింగులు. పీసీఎం అంటే శబ్దాన్ని టీవీయే విప్పి యాంప్లిఫయరు చేతికివ్వడం. బిట్‌స్ట్రీమ్ అంటే మూట కట్టినట్టే పంపేస్తే అది విప్పుకోవడం.

"పరీక్ష పేపర్ల కట్టలాగన్నమాట," అన్నారు మేస్టారు. "ఇక్కడే విప్పి ఇవ్వడం ఒకటి, సీలు తియ్యకుండా పంపడం ఒకటి."

"అదే బావా. నువ్వు సెప్తే నాకూ అర్థమైనాది."

అటు తిప్పారు, ఇటు తిప్పారు. ఎటు తిప్పినా వాన బాగుపడుతోంది గాని మనిషి నోరు పెగలడం లేదు. "గొడుగేసుకుని కూకోవాల," అన్నాడు ధర్మేంద్ర.

చివరికి యాంప్లిఫయరులోనే పరీక్ష పెట్టే మీట దొరికింది. నొక్కితే ఒక్కో స్పీకరు వరసగా బుస్సుమంటుంది. ఎడమది అంది. మధ్యలో ఉండాల్సిన సెంటరు వంతు వచ్చింది, ఏమీ లేదు. కుడిది అంది, వెనక రెండూ అన్నాయి. ధర్మేంద్ర వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. యంత్రం లెక్కలో ఒక స్పీకరు ఎక్కువుంది. మాటలన్నీ దానికే పంపిస్తోంది, అది ఇంట్లో లేదు. టీవీ పైన, హాలుకీ వంటింటికీ మధ్యనున్న కిటికీలో తెర తొలగించి చూస్తే, సున్నం అంటిన వైరు ముక్క ఒకటి వేలాడుతోంది.

మేస్టారు ఆ కిటికీలోంచి వంటింట్లోకి చూశారు. అక్కడ పెడితే మాట ఇటు హాల్లోకీ వస్తుంది, అటు పొయ్యి దగ్గరికీ వెళ్తుంది. వంట చేస్తూనే పద్మకుమారి సీరియల్లో ఒక్క ముక్క కూడా పోకుండా కథంతా ఎలా చెప్పేదో ఆయనకి అప్పుడు తెలిసింది.

అంతలో పక్కింటి తవిటమ్మ దేవుడి గదిలో దీపం పెట్టడానికి వచ్చింది. సున్నాలనాడు వంటింటి సామాను దించి సర్దింది ఆవిడే. కిటికీలో ఉన్న పెట్టెని చూశావా అని మేస్టారు అడిగారు.

"సూడకేం, నేనే దించినాను. పేరంటాలు పెట్టి కదేటి మేస్టారూ అది?"

ముత్తయిదువగా పోయిన ఇంటి ఆడమనిషిని పేరంటాలని పేరు పెట్టి కొలవడం, ఆమె చీరా సొమ్మూ పెట్టెలో దాచడం తవిటమ్మ వాళ్లింట్లో ఉంది. పద్మకుమారి ఆ స్పీకరుకి దుమ్ము పట్టకుండా పాత పట్టుచీర ముక్కతో గలేబు కుట్టి పెట్టింది. ఎత్తున పట్టుగుడ్డలో ఉన్నది మరేమవుతుంది? దేవుడి గదిలో పీట మీద పెట్టింది తవిటమ్మ. పసుపు రాసింది, బొట్టు పెట్టింది, నందివర్ధనం పువ్వు పెట్టింది. వారం నుంచి రోజూ దీపం. మేస్టారు ఆ గది వైపు వెళ్లే మనిషి కాదు.

ధర్మేంద్ర నవ్వి నవ్వి గడప మీద కూలబడ్డాడు. మేస్టారు అతన్ని కోప్పడబోయారు. కోపానికి బదులు నవ్వే వచ్చింది. ఏడాదిగా రానిది కావడంతో కాస్త బొంగురుగా వచ్చింది.

తవిటమ్మ నవ్వలేదు. "మా మనవరాలి జొరం తగ్గినాది. ఆదివారం దాటకుండా దాన్ని కదిపితే నేనూరుకోను."

ధర్మేంద్రకి సులువు దారి కనిపించింది. సెంటరు స్పీకరు లేదని యంత్రానికి చెప్పేస్తే, మాటని పక్క స్పీకర్లు రెండూ పంచుకుంటాయి. హాల్లో కూర్చున్నవాళ్లకి అదే బాగుంటుంది కూడా. మెనూ తెరిచి రిమోటు బావ చేతికిచ్చాడు. తెర మీద సెంటరు పక్కన 'ఉంది', 'లేదు' అని ఇంగ్లీషులో రెండే మాటలున్నాయి.

మేస్టారు బాణాన్ని 'లేదు' దాకా తీసుకెళ్లారు. అక్కడ కాసేపు ఉంచారు. మళ్లీ వెనక్కి తెచ్చారు.

"ఉందనే ఉండనీ ధర్మా. పొడుగు వైరు ఉందా నీ దగ్గర?"

ఉంది. కిటికీలోని ముక్కకి అతికి, గోడవారగా దేవుడి గదిలోకి లాగాడు. గలేబు కింద నుంచి బొట్టు చెరగకుండా బిగించాడు. తవిటమ్మ పక్కనే నిలబడి చూసింది.

ఆదివారం భోజనాలయ్యాక హాలు నిండింది. వీణ హాల్లో మోగింది. మాట దేవుడి గదిలోంచి వచ్చింది. "ఒరే ధర్మా, ఆ మూత ముట్టుకున్నావంటే సెయ్యిరిసేస్తాను." ముందు వరసలో కూర్చున్న ధర్మేంద్ర చెయ్యి తనకు తెలియకుండానే ఒళ్లోకి వచ్చేసింది. హాలంతా గొల్లుమంది. వంటింట్లో గిన్నెలు సర్దుతున్నవాళ్లు కూడా అక్కడి నుంచే పద్మకుమారికి సమాధానాలు చెప్పారు. తవిటమ్మ దండం పెట్టుకుంది, ఆ తర్వాత కూరలో ఆవ ఎంత వెయ్యాలో జాగ్రత్తగా విన్నది. హర్షిత, తండ్రి పక్కన నేల మీద కూర్చుని చివరిదాకా చూసింది.

సాయంత్రం బండెక్కుతూ ధర్మేంద్ర ఒక పని మిగిలిందన్నాడు. కుర్చీకీ సెంటరు స్పీకరుకీ దూరం ఎన్ని అడుగులో మెనూలో రాయాలట. రాస్తే, దూరంగా ఉన్నదాని మాట అందేదాకా దగ్గరి స్పీకర్లు దాని కోసం రవంత ఆగుతాయట. కొలిచి నువ్వే పెట్టెయ్ బావా అని వెళ్లాడు.

స్పీకరు దేవుడి గదిలోనే ఉంది. దూరం ఎంతో మేస్టారు ఇంకా కొలవలేదు.