పొయ్యి మీది విత్తనం

మా అత్త అంజినమ్మ మీద వచ్చినంత కోపం నాకు ఆ వానదేవుడి మీద కూడా రాలేదు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, డెబ్బై మూడు జూన్‌లో నాకు ఆ సిగ్గు లేదు.

కోసిగి దగ్గర మాది మూడెకరాల మెట్ట. రెండేళ్లు వరసగా వాన మొండికేసింది. చివరికి మాకు మిగిలింది పొయ్యి పైన దూలానికి కట్టిన జొన్న కంకులు, నాలుగు కట్టలు. మా వైపు విత్తనం అట్లాగే దాస్తాం. రోజూ పొయ్యి పొగ తగులుతుంటే పురుగు ఆ దరిదాపులకు రాదు. ఆ కరువులో మా ఆయన రెండుసార్లు వాటికేసి చూసి, "రెండు కంకులు విసురుకుందాం మే, సంగటి సేద్దువు" అన్నాడు.

"అది తింటే రేపు నేలలో ఏం యేస్తావు, నా తలకాయనా?" అన్నాను.

చలికాలంలో ఊరు ఊరంతా సుగ్గికి కదిలింది. కర్ణాటకలో కాలువ కింది ఊళ్లకు కూలికి పోవడాన్ని మేం సుగ్గి అంటాం. మేమూ మూట కట్టాం. అత్తకు మోకాళ్లు పట్టేశాయి, మాతో నడవలేదు. బడి దగ్గర మధ్యాహ్నం గంజి పోస్తున్నారు కాబట్టి ఆమె ప్రాణానికి భయం లేదనుకున్నాం. పోయేముందు ఆమెకు ఒకటే చెప్పాను.

"అత్తా, వండేది ఉన్యా లేకున్యా, దినామూ పొద్దుగూకితే పొయ్యి రాజెయ్యి. పిడకలు ఈ మూలకు పెట్టినా. కంకులకు పొగ తగలల్ల."

"నేను సూసుకుంటాలే, పోయి రాండి" అంది.

ఐదు నెలలు ఎవరి మడుల్లోనో నడుములు విరగ్గొట్టుకున్నాం. వంగినంతసేపూ నా కళ్లలో ఆ నాలుగు కట్టలే మెదిలేవి. తిరిగొచ్చిన వారానికే తొలకరి, మా ముంగారు వాన పడింది. మధ్యాహ్నం మొదలై పొద్దుగూకేదాకా కురిసింది. నేల జానెడు లోతు తడిసి విత్తడానికి పదునైంది. మా ఆయన పరుగున పోయి నరసన్న ఎద్దులను, విత్తే గొర్రును అడిగి వచ్చాడు. నేను నవ్వుకుంటూ ఒక కట్ట దించి కంకి నలిపాను. గింజలకు బదులు పిండి రాలింది. పిండిలో పురుగులు పాకుతున్నాయి.

మిగతా మూడు కట్టలూ దించాం. చాటలో పోసి చెరిగితే, గట్టిగా కనిపించినవి రెండు శేర్లు తేలాయి. ఒక గుప్పెడు తడిగుడ్డలో మూటగట్టి మూడు రోజులు చూశాం. ఒక్కటీ మొలకెత్తలేదు. ఊళ్లో విత్తనం కోసం ప్రతి గడపా తొక్కాం. ఉండిపోయినవాళ్లు ఎప్పుడో తినేశారు. సుగ్గికి పోయినవాళ్లది మా గతే.

అత్తను నిలదీశాను. "పిడకలు పెట్టినవి పెట్టినట్టే ఉండాయి. ఐదు నెలలు ఏం సేస్తాంటివి?"

ఆమె గోడకు ఆనుకొని, నా ముఖం చూడకుండా చెప్పింది.

"నాలుగు దినాలు రాజేసినా మే. గోడ గవాచిలోంచి పొగ బయటికి పోతాంటే సూసి, పక్కింటి హుసేనమ్మ పిల్లోల్లు గిన్నెలు తెచ్చుకోని వాకిట్లో కూసున్యారు. ఏమో ఉడుకుతాందనుకున్యారు. ఉత్త పొయ్యి అని సెప్తే నమ్మలేదు. సిన్నది లోపలికొచ్చి సూసి పోయింది. అయినా మర్నాడు మళ్లా వచ్చినారు, ఆ మర్నాడూ వచ్చినారు. ఐదో దినం నుంచి రాజేసేకి నాకు సేతులాడలేదు."

నా కోపం పోలేదు. దాన్ని ఎవరి మీద చూపించాలో తెలియలేదు. పొయ్యి రాజెయ్యమన్నదాన్ని నేనే. పొగ చూసి ఆకలిగొన్న పిల్లలు వస్తారన్న ఆలోచన నాకెందుకు రాలేదు?

మర్నాడు ఎండ కాసింది. పదును ఆరిపోతుంటే మా ఆయన చేని గట్టు మీద కూర్చొని చూశాడు. చేసేదేమీ లేదు. నేను ఆ రెండు శేర్లూ తిరగలిలో విసిరి సంగటి కెలికాను. అత్త కర్ర పట్టుకొని పోయి హుసేనమ్మ పిల్లలను తనే పిలుచుకొచ్చింది. ఇద్దరూ గిన్నెలు నాకేశారు. అత్త మాత్రం తన ముద్దను వేళ్లతో చిదుపుతూ, నోట పెట్టకుండా కూర్చుంది.

"తిను అత్తా" అన్నాను. "ఇంక దీన్ని దాసే పని లేదు."