కాళ్ళవైపు కుట్టు

హైదరాబాదు పంపిన మూటలు తిరిగి వచ్చాయని ట్రాన్స్‌పోర్టు ఆఫీసు వాళ్ళు ఫోను చేసినప్పుడు శేషాద్రి ఆశ్చర్యపోలేదు. తనలో ఎవరో ఆ మాట కోసమే చాన్నాళ్ళుగా కాచుకొని ఉన్నట్టు, వినగానే ఒక రకమైన నెమ్మది కలిగింది. ఆ నెమ్మదికి సిగ్గుపడుతూనే ఆటో మాట్లాడుకొని వెళ్ళి మూటలు తెచ్చుకున్నాడు.

గిద్దలూరులో అతనిది తాతల నాటి పరుపుల దుకాణం. ఫోము పరుపులు వచ్చి దూది పరుపుల బేరం పోయాక స్లీపింగ్ బ్యాగులు కుట్టించడం మొదలుపెట్టాడు. మొదట కొన్నది గొర్రెల కాపర్లు. చలికాలం రాత్రుళ్ళు రైతుల చేలల్లో మంద నిలిపి పక్కనే పడుకునే మనుషులు. తడిసిన గొంగడి మోయలేరు. ఈ సంచి తడవదు, చుట్టి భుజాన వేసుకుంటే బరువు తెలియదు. వాళ్ళు దాన్ని పడకసంచి అన్నారు.

పడకసంచికి కాళ్ళవైపు కుట్టు ఉండదు. తాడు లాగి ముడి వేసుకోవడమే. గొర్రెలు బెదిరితే కాపరి సంచితోనే లేచి పరిగెత్తాలి కదా అని శేషాద్రి అందరికీ చెప్పేవాడు. అది పైకి చెప్పే కారణం. చనిపోయినవాళ్ళకే కాలి బొటనవేళ్ళు కలిపి కడతారు. బతికున్న మనిషి కాళ్ళు మూయకూడదు. ఈ రెండో కారణాన్ని ఎవరూ నోటితో అనలేదు. అనకుండానే దుకాణంలో మిషను కుట్టే కోటిరత్నం మొదటి సంచిని అలా కుట్టింది. ఆమెది రాచర్ల దగ్గర పల్లె. మందతో పోయిన భర్తను పాము కరిస్తే, ఇంటికి తెచ్చేసరికి ఒళ్ళు బిగుసుకుపోయింది. వేళ్ళు రెండూ కలవకపోతే ఆమే పట్టుకొని కలిపింది. ఆ సంగతి శేషాద్రికి వేరేవాళ్ళు చెప్పారు.

జిల్లాలు విడగొట్టిన మరుసటి ఏడు హైదరాబాదు కంపెనీ ఒకటి అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. కొండలెక్కేవాళ్ళకు సామాన్లమ్మే పెద్ద పెద్ద దుకాణాలు వాళ్ళవి. ఆర్డరు తీసుకున్న నాటి నుంచి అతనితో మాట్లాడే మనిషి మారుతూనే ఉన్నాడు. ఒకామె రంగు మార్చమంది. మార్చాక ఆమె స్థానంలోకి వచ్చినాయన పాత రంగే బాగుందన్నాడు. లోపలి అంచున కుట్టే, తన దుకాణం పేరున్న చిన్న గుడ్డ కూడా తీసేయమన్నారు. వాళ్ళ పేరు ఒక్కటే ఉండాలట. శేషాద్రి ప్రతిదానికీ సరేనన్నాడు. ఆ సరే తన గొంతులోంచి అంత తేలికగా ఎలా వస్తోందో అతనికి అర్థమయ్యేది కాదు. ఫోను పెట్టేశాక కోటిరత్నం మిషను మీద నుంచే వెక్కిరించేది:

"ఎస్ మేడమ్, ఓకే మేడమ్. రేపు గొర్రె తోక కూడా పెట్టమంటారు, పెడదామా అన్నా?"

తోక అడగలేదు. కాళ్ళవైపు మూయమన్నారు.

ఆ రోజు మాత్రం అతని నోట సరే రాలేదు. ఆలోచించి చెబుతానన్నాడు. ఉపాయం కోటిరత్నమే చెప్పింది. "మూసినట్టు మూద్దాం. బియ్యం బస్తా మూతికి ఏస్తారే, ఆ కుట్టు. కొస పట్టి లాగితే సర్రున ఊడొస్తది. వాళ్ళ కంటికి మూత, లోపలుండే మనిషికి తెరుపు." రైసు మిల్లులో బస్తాలు కుట్టే చేతిమిషను అడిగి తెచ్చారు. ఇద్దరూ పిల్లల్లా నవ్వుకున్నారు. కంపెనీ వాళ్ళకు తెలియని చిన్న జాలి ఏదో ప్రతి సంచిలోనూ దాచి పంపుతున్నామని శేషాద్రికి అనిపించింది.

ఇప్పుడు ఆ సంచులే గోడ వారగా పడి ఉన్నాయి.

సాయంత్రం కంపెనీ అమ్మాయి ఫోను చేసింది. కొత్త గొంతు.

"సర్, మంచు కొండల మీద కస్టమర్ పడుకున్నాక కుట్టు ఊడిపోయింది సర్. పొద్దున చూసుకుంటే కాళ్ళు బయట ఉన్నాయి."

"కాళ్ళు బాగున్నాయా తల్లీ?"

"ఆ డీటైల్ నా దగ్గర లేదు సర్. గట్టిగా కుట్టి పంపండి, మళ్ళీ చూస్తాం."

అతను ఫోను పెట్టేసి ఏమీ దాచకుండా కోటిరత్నానికి చెప్పాడు. ఆమె చేతిలోని కత్తెర కింద పెట్టింది.

"ఎవురి కాళ్ళు?"

"తెలీదు."

"ఆడమనిషా, మగమనిషా?"

"తెలీదమ్మా. చెప్పలేదు."

ఆమె సంచుల వైపు తిరిగింది. మంచితనం అనుకొని చేసిన పని ఎక్కడో ముఖం తెలియని మనిషి పాదాల మీదికి వచ్చింది. ఆమె లోపల ఏం జరుగుతోందో శేషాద్రి ఊహించలేకపోయాడు. తనలో ఏం జరుగుతోందో అంతకన్నా తెలియలేదు.

"నేను మూస్తాలే. నువ్వు జిప్పులు చూడు," అన్నాడు.

"నీ కుట్టు వంకర. మళ్ళా తిరిగొస్తయి. ఇట్ల తే."

మరునాడు పొద్దున్నే మొదలుపెట్టింది. ప్రతి సంచికీ మిగిలిన బస్తా కుట్టు లాగేసి, కుట్టే ముందు కాళ్ళవైపు నుంచి చేయి పెట్టి, మోచేయి దాకా ఉంచి, తీసేది. తర్వాత సూది కింద పెట్టి, చూపు పక్కకు తిప్పుకొని పాదంతో మిషను తొక్కేది. చూడకపోయినా కుట్టు తిన్నగా పడింది. వెక్కిరింతలు ఆగిపోయాయి. నవ్వించాలని శేషాద్రి "ఎస్ మేడమ్" అని తానే ఒకసారి అన్నా ఆమె నవ్వలేదు.

మధ్యాహ్నం అన్నం వేళకు మళ్ళీ ఫోను మోగింది. ఈసారి మగ గొంతు. ఆ అమ్మాయి వేరే విభాగానికి మారిపోయిందట. ఆ రకం సంచులు బయటి దేశం నుంచి తెప్పిస్తున్నారట, ఇక్కడివి ఆపేశారట. "మీ సహకారానికి థాంక్స్ అంకుల్," అన్నాడు. కోపం తెచ్చుకోవడానికి కూడా అందులో పట్టు దొరకలేదు.

లోపల మిషను తిరుగుతోంది. గడప దాటి చెప్పేస్తే ఆమె చేతులు ఆగుతాయి. కానీ చెబితే పొద్దుటి నుంచి ఆమె మూసినవన్నీ ఉత్తినే మూసినట్టవుతుంది. అన్నం తిన్నాక చెబుదాం అనుకున్నాడు. తిన్నాక, ఆమె కాస్త కుదుటపడ్డాక అనుకున్నాడు. ఆమెను బాధ నుంచి కాపాడుతున్నానని తనకు తాను చెప్పుకుంటూ బల్ల దగ్గర కూర్చుండిపోయాడు. అతను అలా కాపాడుతున్నంతసేపూ ఆమె ఒకదాని తర్వాత ఒకటి మూస్తూనే ఉంది.

ఎండ వాలుతుండగా రాచర్ల వైపు కాపరి రంగయ్య వచ్చాడు. కోటిరత్నం భర్తతో కలిసి మంద తోలిన ముసలాయన. కొత్త పడకసంచి కావాలన్నాడు. తిరిగి వచ్చినవే తప్ప దుకాణంలో వేరేవి లేవు. శేషాద్రి ఆమె మూసినవాటిలోంచి ఒకటి తీసి బల్ల మీద పరిచాడు. రంగయ్య అలవాటు చొప్పున చేయి లోపలికి పోనిచ్చాడు. అడుగున కుట్టు తగలగానే చేయి వెనక్కి లాక్కున్నాడు.

"ఏంది శెట్టీ, కాళ్ళకాడ మూసినావు? బతికుండోళ్ళకా ఇది, పోయినోళ్ళకా?"

నవ్వుతూనే అన్నాడు. లోపల మిషను ఆగింది.

కోటిరత్నం బయటికి వచ్చింది. "హైదరాబాదోళ్ళకు మామా. ఉండు, ఇప్పి ఇస్తా," అంటూ బ్లేడు తీసుకుంది. కుట్టు గట్టిది, తొందరగా రాలేదు. పోగులన్నీ తీసేశాక సంచిని వెలుతురుకు ఎత్తి పట్టింది. నైలాను గుడ్డ మీద సూది బెజ్జాలు వరుసగా మెరిశాయి. వేలితో రుద్దింది. అవి పూడలేదు.

"వానొస్తే కారతది," అన్నాడు రంగయ్య మెల్లగా. ఆమె ముఖం చూసి, "పోనీలేమ్మా, పాత గొంగడి ఉండాది. వచ్చే యేడు చూస్తాలే," అని కర్ర తీసుకొని వెళ్ళిపోయాడు.

ఇక చెప్పక తప్పలేదు.

"వాళ్ళకు మన సంచులు వద్దంట కోటిరత్నం."

"ఎప్పుడు చెప్పినారు?"

ఇప్పుడే అని అనొచ్చు. ఆ అబద్ధం నాలుక దాకా వచ్చింది. "అన్నం వేళకు," అన్నాడు.

ఆమె లోపలికి తలతిప్పి, మిషను పక్కన పేర్చిన సంచుల్ని చూసింది. వాటిలో అన్నం తిన్నాక కుట్టినవేవో ఆమెకు తెలుసు.

"అయితే వాటిని ఎందుకు కుట్టనిచ్చినావు?"

శేషాద్రి బల్ల మీది దారపు ముక్కల్ని చేత్తో పోగు చేశాడు. ఆమె టిఫిను డబ్బా తీసుకొని రోడ్డు మీదికి నడిచింది. అతనూ వెనకే వెళ్ళాడు. రాచర్ల ఆటో ఇంకా రాలేదు. ఇద్దరూ ఎడంగా నిలబడ్డారు.

ఆటో వచ్చింది. ఆమె ఎక్కి కూర్చుంది.

"రేపు వస్తావా అమ్మా?"

"వస్తా. రాకపోతే యాడికి పోతా," అంది, ముందు కూర్చున్నవాళ్ళ వీపుల వైపు చూస్తూ.

ఇన్నేళ్ళలో ఆమె అతనితో ‘అన్నా’ అనకుండా దుకాణం నుంచి పోయింది లేదు. ఆటో మలుపు తిరిగేదాకా ఆ మాట కోసం అతను రోడ్డు మీదే నిలబడ్డాడు.