నేలకు దిగిన గడప

నేను ఒక గడపను. టేకు గడపను. నన్ను దాటేటప్పుడు మీరెవరూ కిందికి చూడరు, కాలి వేలు తగిలినప్పుడు తప్ప. అప్పుడు చూసే చూపులో కోపం ఉంటుంది. మరుక్షణంలో భయం వేస్తుంది. వంగి నన్ను తాకి కళ్లకద్దుకుంటారు. దెబ్బ తిన్నదీ మీరే, దండం పెట్టేదీ మీరే. మనుషుల గురించి నాకు మొదట అర్థమైన సంగతి అది.

రంపచోడవరం అవతల అడవిలో పెరిగాను. రాజమండ్రిలో గోదావరి గట్టు దగ్గర ఒక కలప అడితిలో రంపం కింద పడ్డాను. ఆ రంపం గురించి ఎక్కువ చెప్పను. అది ఎవరికీ ఇష్టమైన జ్ఞాపకం కాదు. ఒకరోజు కాకినాడ నుంచి కొత్త పెళ్లికొడుకు ఒకడు వచ్చాడు. దుంగలన్నీ తట్టి తట్టి చూసి నా మీద చెయ్యి వేశాడు.

"దీంతో గడప చేయించండి. మా ఆవిడ మొదటిసారి ఇంట్లో అడుగు పెట్టేది దీని మీదుగానే. నాసిరకం కలప వద్దండి."

ఆ ఆవిడ పేరు సూరమ్మ. ఆయన నా నడుమ ఇత్తడి పువ్వొకటి కొట్టించాడు. నాలుగంగుళాల ఎత్తున నన్ను నిలబెట్టారు. అంత ఎత్తు ఎందుకో ఎవరూ అడగలేదు. పాములు రావని ఒకరన్నారు. వీధి దుమ్ము రాదని మరొకరన్నారు. లక్ష్మీదేవి బయటికి పోదని ఇంకొకరన్నారు. పాము ఒకసారి వచ్చింది. దుమ్ము రోజూ వచ్చేది. లక్ష్మీదేవి రాకపోకల గురించి బయటికి చెప్పడం నాకు మర్యాద కాదు.

సూరమ్మ మాత్రం నన్ను కన్నబిడ్డలా చూసుకుంది. శుక్రవారం వస్తే చాలు, కడిగి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేది. ఎవరినీ తొక్కనిచ్చేది కాదు, కూర్చోనిచ్చేది కాదు. భర్త పోయాక కూడా ఆ శుక్రవారం తప్పలేదు. వయసు పైబడేకొద్దీ ఒక్కటే తేడా వచ్చింది. నన్ను దాటేముందు ఆవిడ కుడిచెయ్యి ద్వారబంధాన్ని పట్టుకునేది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆవిడకు కూడా తెలియదనుకుంటాను. నాకు తెలుసు.

కొడుకు భాస్కరానికి పెళ్లయింది. కోడలు హైమవతి నా దగ్గర పెట్టిన బియ్యం కుంచాన్ని కుడికాలితో తన్నింది. కొంచెం గట్టిగానే తన్నింది. బియ్యం వెళ్లి దేవుడి గదిలో పడ్డాయి.

"మెల్లగా తన్నమ్మాయ్. అది కుంచం, ఫుట్‌బాల్ కాదు" అంది సూరమ్మ. ఇల్లంతా నవ్వింది.

హైమవతి కోర్టులో టైపిస్టు. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని నా మీదుగా గెంతుతూ వెళ్లేది. పదేళ్ల పాటు ఆ పరుగు ఆగలేదు. తర్వాత ఒక వాన, ఒక మలుపు, ఒక లారీ. ఆస్పత్రి నుంచి చక్రాల కుర్చీలో వచ్చింది. నడుము కింద ఏమీ కదలదన్నారు.

ఆ రోజు మొదటిసారి నేను గుమ్మానికి అడ్డం పడ్డాను. నిజానికి నేను ఉన్నచోటే ఉన్నాను. కొందరికి నేను అడ్డమని నాకు అప్పుడు తెలిసింది.

ఆమె మళ్లీ కోర్టుకు వెళ్లడం మొదలుపెట్టాక రోజూ అదే తంతు. కుర్చీకి అటు భాస్కరం, ఇటు పక్కింటి మూర్తిగారు. ఎత్తు, దాటించు, దించు. హైమవతి ఆ కాసేపు కళ్లు మూసుకునేది.

"వదినగారు పల్లకీ ఎక్కారు" అన్నాడు మూర్తిగారు ఒకసారి, నవ్విద్దామని.

"పల్లకీ అయితే బోయీలు నేను చెప్పిన చోట దించుతారండీ. మీరు మీకు వీలైన చోట దించుతున్నారు."

ఆయన మళ్లీ ఆ జోకు వేయలేదు.

అసలు ప్రమాదం ఒక మధ్యాహ్నం వచ్చింది. హైమవతి కోర్టు నుంచి ఆటోలో పెందలాడే వచ్చేసింది. ఆటోవాడు వరండా దాకా దించి వెళ్లిపోయాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. ఇంట్లో మనిషి అలికిడి లేదు. సూరమ్మ పొయ్యి మీద పాలు పెట్టి, కరివేపాకు కోసమని వెనక వీధికి వెళ్లి కబుర్లలో పడింది. పాలు పొంగాయి. మంట ఆరింది. గ్యాసు వాసన మెల్లగా గుమ్మం దాకా వచ్చింది.

దేవుడి గదిలో దీపం వెలుగుతోంది.

హైమవతి ఆ దీపాన్ని చూసింది. నన్ను చూసింది. చక్రాలు వెనక్కి తిప్పుకుని ఊపు మీద నన్ను గుద్దింది. ముందు చక్రం లేచి పక్కకు ఒరిగింది. మళ్లీ గుద్దింది. నేను కదలలేదు. కదలడం నాకు చేతకాదు. ఆమె గొంతు పగిలేలా కేకలు వేస్తే మూర్తిగారు పరిగెత్తుకొచ్చి, నన్ను ఒక్క అంగలో దాటి, పొయ్యి కట్టేసి కిటికీలు తెరిచాడు.

ఆ రాత్రి అన్నం తింటూ ఆమె ఒకే మాట అంది.

"నేనెవరికీ బరువు కాకుండా, నా చేతుల్తో నేను, నా ఇంట్లోకి వెళ్లాలండీ. ఇంకేం వద్దు నాకు."

సూరమ్మ తల దించుకుని వింది. భాస్కరం విన్నాడు. ఎప్పటినుంచో ఖాళీగా ఉన్న తమ స్థలంలో ఇల్లు కట్టే మాట అప్పుడే మొదలైంది. ఈలోగా రోడ్డు వెడల్పు చేస్తూ మా ఇల్లు కొట్టేశారు. కాంట్రాక్టరు నన్ను పాత కలపతో పాటు తోలేశాడు. పాత సామాన్ల కొట్టు ముందు టీ బండివాడు నన్ను రెండు రాళ్ల మీద బల్లగా వేశాడు. అన్నేళ్లు ఎవరూ కాలు మోపని నా మీద ఊరంతా కూర్చుంది. బీడీలు కాల్చుకుంది, రాజకీయాలు మాట్లాడుకుంది. అబద్ధమెందుకు, నాకు బాగానే ఉంది. అక్కడ నన్ను దాటాల్సిన పని ఎవరికీ లేదు.

సూరమ్మ కొట్టు కొట్టుకీ తిరిగి, చివరికి ఇత్తడి పువ్వును బట్టి నన్ను గుర్తుపట్టింది. నా మీద కూర్చున్న పెద్దమనిషి చేతిలోని టీ గ్లాసు ఖాళీ అయ్యేదాకా కూడా ఆగలేదు.

"లేవండి బాబూ. మా ఇంటి గడప మీద కూర్చున్నారు."

అలా నేను కొత్త స్థలానికి చేరాను. గోనెసంచి కప్పి గోడకు ఆనించారు. అక్కడే నస్రీన్‌ను మొదటిసారి చూశాను.

నస్రీన్ ఆర్కిటెక్టు. వయసు చిన్నది, ఓపిక పెద్దది. పునాది తీయకముందే ఆ అమ్మాయి నేల మీద సున్నంతో ఇల్లంతా గీసింది. ఇది వీధి, ఇది గుమ్మం, ఇది వంటిల్లు. తర్వాత ఇంట్లోవాళ్లను ఒక్కొక్కరినీ చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి ఆ గీతల మధ్య తిప్పింది. భాస్కరం వంటింటి మలుపులో గీత తొక్కేశాడు.

"గోడకి గుద్దేశారు బాబాయిగారూ" అంది నస్రీన్. గీత చెరిపి వెడల్పు చేసింది.

స్విచ్చులు ఎక్కడ ఉండాలో హైమవతిని చెయ్యి చాపమని అడిగి గుర్తు పెట్టుకుంది. తలుపుకు గుండ్రటి నాబు వద్దంది, మోచేత్తో నొక్కినా తెరుచుకునే పిడి పెట్టింది. పొయ్యి గట్టు ఎత్తు తగ్గించి, కింద మోకాళ్లు పట్టేలా ఖాళీ వదిలింది. వీధి నుంచి గుమ్మం దాకా మెట్టు లేకుండా సన్నటి వాలు వేసింది. అది ఎంత సున్నితంగా ఉందంటే, చూసినవాళ్లు తోటలో బాట అనుకున్నారు. ఇలా కూడా ఆలోచించే మనుషులుంటారని నాకు అప్పటిదాకా తెలియదు.

సూరమ్మ ఒక్కతే ఆ కుర్చీ ఎక్కలేదు.

"నేను దాన్లో కూర్చోనమ్మా. అపశకునం."

"ఇది కుర్చీవాళ్ల కోసం కట్టే ఇల్లు కాదు మామ్మగారూ. ఎవరొచ్చినా ఇబ్బంది పడని ఇల్లు. మీకు కూడా."

"నాకేం, నేను రాయిలా ఉన్నాను. అది సరే, గడప ఎక్కడ?"

"గడప ఉండదు మామ్మగారూ."

సూరమ్మ నా దగ్గరికి వచ్చింది. నా మీది గోనెసంచి సర్దింది. ఆ సర్దడంలోనే నాకు భయం వేసింది.

గృహప్రవేశానికి ముందురోజు హైమవతి కోర్టులో ఉంది, నస్రీన్ వేరే ఊళ్లో పనిలో ఉంది. సూరమ్మ వడ్రంగి వీరభద్రాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. నన్ను తెచ్చి కొత్త ద్వారబంధం రెండు కాళ్ల మధ్య నిలబెట్టించి, నాలుగు పొడుగాటి స్క్రూలు బిగింపించింది. పసుపు రాసింది.

"నా కోడలికి ఒక గండం గడిచింది. ఇంకోటి రాకుండా నువ్వే కాపాడాలి" అంది నాతో.

ప్రేమ కూడా ఇలాంటి పని చేస్తుంది. నాకు నోరుంటే ఆ క్షణమే చెప్పేవాణ్ణి.

తెల్లవారింది. సన్నాయి, మామిడాకులు, పట్టుచీరలు. హైమవతి ఒడిలో దేవుడి పటం పెట్టుకుని, రెండు చేతులతో చక్రాలు తిప్పుకుంటూ వాలు ఎక్కింది. ఎవరూ నెట్టలేదు. మొహం వెలిగిపోతోంది. గుమ్మం ముందుకు వచ్చాక నన్ను చూసింది.

"ఇదేంటి?" అంది. గొంతు పెంచలేదు.

"ఈ ఒక్కరోజుకేనమ్మా" అంది సూరమ్మ. "గడప లేకుండా ప్రవేశం ఏంటి, గొడౌన్‌కా? నలుగురున్నారు, ఎత్తి దాటించేస్తారు. రేపు తీయించేద్దాం."

మూర్తిగారు అలవాటుగా కండువా నడుముకు చుట్టి ముందుకొచ్చాడు. భాస్కరం తల్లి వంక చూశాడు, భార్య వంక చూశాడు, చివరికి గడియారం వంక చూశాడు. మగవాళ్లకు అది ఎప్పుడూ సులువు.

"హైమా, ముహూర్తం దాటిపోద్ది. ఈ ఒక్కసారికి..."

"ఎత్తితే రానండి" అంది హైమవతి. "నన్ను ఎత్తకుండా ఉండటానికే గదా ఇల్లు కట్టాం. మీరందరూ వెళ్లండి. నేను ఇక్కడే ఉంటాను."

సన్నాయి ఆగింది. జనంలో ఉన్న నస్రీన్ మొహం పాలిపోయింది. పంతులుగారు సర్దుబాటు చేయబోయాడు.

"పెద్దమ్మగారూ, మీరు పాలగిన్నెతో ముందు నడవండి. ఈలోగా అమ్మాయికి నచ్చజెబుతారు."

సూరమ్మ నిండు పాలగిన్నెను రెండు చేతులతో పట్టుకుని నా ముందుకు వచ్చింది. కుడికాలు ఎత్తింది. మోకాలు లేవలేదు. ద్వారబంధం కోసం కుడిచెయ్యి కదలబోయి ఆగింది. చేతిలో పాలున్నాయి. బొటనవేలు నాకు కొట్టుకుంది. పాలు తొణికి నా మీద పడ్డాయి. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ తొణికాయి.

"మామ్మగారిని కాస్త పట్టుకోండర్రా. చంకల కింద చెయ్యేసి అవతల పెట్టేయండి" అన్నారెవరో. రెండు చేతులు ఆవిడ మీద పడ్డాయి.

"వదలండి" అంది సూరమ్మ. "నన్నెవరూ ఎత్తక్కర్లేదు."

అనేశాక ఆ మాట ఆవిడకే వినిపించింది. మెల్లగా తల తిప్పి కోడలి వంక చూసింది. హైమవతి కుర్చీని దగ్గరికి జరుపుకుంది. చేతులు చాపి అత్తగారి పాలగిన్నె అందుకుని తన ఒడిలో, పటం పక్కన పెట్టుకుంది.

"వీరభద్రం" అంది సూరమ్మ. "పీకెయ్."

"ముహూర్తంలో గడప పీకడమేంటమ్మా" అన్నాడు పంతులుగారు.

నస్రీన్ ముందుకొచ్చింది. "పంతులుగారూ, గడప ఉండాలన్నారు, సరే. ఎంత ఎత్తుండాలో ఎక్కడైనా చెప్పారాండీ?"

ఆయన నిజాయితీ గల మనిషి. "ఎత్తు సంగతి నేను చదువుకున్నదాంట్లో లేదమ్మా. కానీ తొందరగా కానివ్వండి."

మూడు స్క్రూలు వచ్చేశాయి. నాలుగోది రాలేదు. దాని తల అరిగిపోయింది. వీరభద్రం చెమటలు కక్కుతున్నాడు. పంతులుగారు వేళ్లు లెక్కపెడుతున్నాడు. భాస్కరం గునపం తెచ్చి నా కిందికి దోపాడు. ముసలి టేకు అంత తేలిగ్గా లొంగదు. ఎన్ని వానలు వచ్చినా నేను పగల్లేదు. కానీ ఆ నిమిషంలో నేను చేయగలిగిన సాయం ఒక్కటే ఉంది.

పగిలాను. స్క్రూ ఉన్న మూల పెళ్లగా ఊడింది. నేను బయటికి వచ్చేశాను.

హైమవతి చక్రాల మీద చేతులు వేసింది. ఒక్కసారి తిప్పింది, అంతే. గుమ్మం దాటింది. పాలు ఒక్క చుక్క ఒలకలేదు. ఆమె వెనకే సూరమ్మ, ద్వారబంధం పట్టుకోకుండా నడిచింది. కిందికి చూసుకోనూ లేదు. ఎత్తు తగ్గించిన గట్టు దగ్గర హైమవతి తన చేత్తో పొయ్యి వెలిగించింది. పాలు పొంగే దాకా అక్కడే కూర్చుంది. పొంగాక తన చేత్తో కట్టేసింది.

నేను పొయ్యిలోకే అనుకున్నాను. కానీ ఆ వారంలోనే నస్రీన్ గుమ్మంలో రాయి తొలిపించి, నన్ను పడుకోబెట్టి, ఇత్తడి పువ్వు పైకి కనబడేలా నేలకు సమంగా దించింది. చేత్తో రాస్తే తప్ప అంచు తెలియదు. అప్పుడొచ్చింది అసలు చిక్కు.

"బాగానే ఉంది గానీ పిన్నీ, గడపను తొక్కకూడదు గదా. కుర్చీ దీని మీదుగానే పోవాలిగా" అంది పేరంటానికి వచ్చిన ఒకావిడ.

సూరమ్మ నాకు పసుపు రాస్తూ తల ఎత్తలేదు.

"తొక్కేది కాలు. అది రథం. రథం మన గుమ్మంలోకి వస్తుంటే వద్దంటామా?"

గ్యాసు బండవాడు సిలిండర్ దొర్లించుకుంటూ వస్తాడు. ఊరి నుంచి వచ్చినవాళ్ల చక్రాల పెట్టెలు సాఫీగా దొర్లుతాయి. మూర్తిగారి మనవరాలు నా మీదుగా పాకుతుంది. ఈమధ్య సూరమ్మ చేతికర్రతో వస్తోంది. ఈ ఆలోచన తనదేనని వీధిలో అందరికీ చెబుతోంది. నస్రీన్ ఎదురుగా ఉన్నా చెబుతుంది, ఆ అమ్మాయి తల ఊపుతుంది.

ఒకప్పుడు నన్ను ఎవరూ తొక్కలేదు. ఇప్పుడు అందరూ నా మీదుగా వెళ్తున్నారు, ఎవరి వేలూ కొట్టుకోదు. ఏది గౌరవమో మీరే ఆలోచించుకోండి. నేను ఆలోచించుకున్నాను.

శుక్రవారం సాయంత్రం హైమవతి కోర్టు నుంచి వస్తుంది. పసుపు అప్పటికి ఇంకా తడిగానే ఉంటుంది. చక్రాలు నా మీదుగా వెళ్తాయి. గుమ్మం నుంచి దేవుడి గది దాకా నేల మీద రెండు పసుపు గీతలు పడతాయి. పనమ్మాయి గుడ్డ తీసుకుని వస్తే సూరమ్మ చెయ్యి అడ్డం పెడుతుంది.

"ఉండనియ్యవే. లక్ష్మి లోపలికొచ్చిన జాడ అది."