సదాయే కొండ

మొన్నటి చలికాలంలో పక్షవాతం వచ్చి సదాయే కుడిచెయ్యి పడిపోయింది. వెడల్పాటి పళ్లెంలో నల్లమట్టితో కొండలు, నాచుతో అడవులు, తెల్ల ఇసుకతో ఏరులు దిద్దడంలో మొరియోకా ఊళ్లో ఆమెకు మంచి పేరు. ఏటా ఆకులు ఎర్రబడే వేళ జరిగే ప్రదర్శనలో ఆమె పళ్లెం ఉండి తీరాల్సిందే.

"ఈ ఏడాదికి ఊరుకో వదినా. ఎవరూ ఏమీ అనుకోరులే," అంది ఆడపడుచు కియోనో.

"నేను అనుకుంటానుగా!"

సదాయే ఎడమచేత్తో, ఊరి నుంచి కనిపించే ఇవాతే కొండను పళ్లెంలో పేర్చడం మొదలుపెట్టింది. శిఖరం దాకా వచ్చాక మట్టి జారి కూలిపోయింది. గీకి తీసి మళ్లీ పేర్చింది. మళ్లీ కూలింది.

చూడలేక కియోనో చేతులు కడుక్కొచ్చింది. "నువ్వు చెప్తూ ఉండు, నేను పెడతా."

"నువ్వు పెడితే అది నీ కొండవుతుంది. అంత సరదాగా ఉంటే ఇంకో పళ్లెం తెచ్చుకో. ముందు దీన్ని కదలకుండా పట్టుకో."

కియోనో నవ్వుతూ పట్టుకుంది. సదాయే ఈసారి నీళ్లు తగ్గించి, మట్టిని మోచేత్తో గట్టిగా అదిమింది. కొంచెం కొంచెంగా పెడుతూ, పొర పొరకూ ఆరేదాకా ఆగింది. ప్రదర్శన ముందురోజుకు కొండ నిలబడింది.

"వాలు నిండా నీ వేళ్ల గుర్తులే. కుంచెతో తుడవనా?"

"ముట్టుకున్నావంటే ఊరుకోను!"

ప్రదర్శనలో ఒక పాత స్నేహితుడు వంగి చూశాడు. "వాలు ఇంత గరుకుగా ఉందేమిటి సదాయేగారూ?"

"ఎడమచెయ్యి కదండీ, ఇప్పుడే నేర్చుకుంటోంది," అంది సదాయే తలెత్తి. తర్వాత కియోనో వైపు తిరిగింది. "వచ్చే ఏడు సముద్రం చేద్దాం. ఇసుక ఎక్కువ తెప్పించు."