పన్నెండు కోటలు

సదస్సు మధ్యాహ్నం రెండున్నరకు. పొద్దున ఆరింటికే వచ్చేశాను.

ఆదోనిలో మా డిగ్రీ కాలేజీ కంప్యూటర్ గదిలో కూర్చుని ఒక్కొక్క ఆపదకూ అడ్డు వెతుక్కుంటున్నాను. కరెంటు పోతే ఇన్వర్టరు, నెట్ పోతే నా ఫోను, ఫోనూ పోతే రాఘవేంద్రస్వామి. వీడియో గేముల మీద పరిశోధన చేసేవాళ్లు ఏటా ఒక దేశంలో చేరే సదస్సు అది. వెళ్లలేనివాళ్లు తెర మీద మాట్లాడొచ్చు. నా పేపరు తీసుకున్నారని తెలిసిన రోజు మా ప్రిన్సిపాల్ "గేములకు గూడా సదస్సులుంటాయా దీపశ్రీ?" అని నవ్వాడు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. నా మూడేళ్ల పీహెచ్‌డీ మొత్తం ఈ ఒక్క పేపరు మీద నిలబడి ఉంది. ఇది కూలితే అదీ కూలుతుంది.

పేపరులో ఉన్న సంగతి ఇది. కోసిగి వైపు నుంచి ఏటా మిరపకాయలు కోయడానికి గుంటూరు దిక్కుకు పోయే గుంపు ఒకటుంది. అందులో పన్నెండు మంది కుర్రవాళ్ల ఫోన్లలో ఒకటే గేము. ఎవడి కోట వాడు కట్టుకోవాలి, దొంగల నుంచి కాపాడుకోవాలి, సందు దొరికితే పక్కవాడి కోట కొల్లగొట్టాలి. ఒక్కరోజు తెరవకపోయినా బహుమతులు పోతాయి. లోకంలో అందరూ ముందు కత్తులు కొంటారు. ఈ పన్నెండు మంది మాత్రం ముందు గాదె నింపుతారు, తర్వాత తలుపు మూస్తారు, ఎవరి మీదికీ పోరు. ఇది వలస బతుకు నేర్పిన ఉమ్మడి ఆట అని నేను రాశాను.

ఊరికే రాయలేదు. ఆరు రోజులు వాళ్ల గుడారాల దగ్గరే ఉండి, రాత్రిళ్లు వాళ్ల కోటలు చూసి ప్రశ్నలు వేశాను. నా ఫోన్లోనూ ఆ గేము వేసుకున్నాను. పగలంతా చేలల్లో వాళ్ల వెంట తిరిగి, రాత్రి ఏమి నొక్కుతున్నానో తెలియని అలసటలో ఆడేదాన్ని. ఆరో రోజుకు నా కోట కూడా అచ్చం వాళ్ల కోటల్లాగే తయారైంది. "వాళ్ల మధ్య ఉండి నా చెయ్యి కూడా మారింది" అని తొమ్మిదో పేజీలో రాసుకున్నాను. పేపరు మొత్తంలో నాకు బాగా నచ్చిన వాక్యం అదే.

ఈసారి సదస్సువాళ్లు ఒక షరతు పెట్టారు. ఆటగాళ్ల గురించి మాట్లాడేవాళ్లు ఒక ఆటగాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవాలి. పన్నెండు మందిలో చురుకైనవాడు నాగేష్. వాడు ఒంటిగంటకు కోసిగి నుంచి రైలు దిగి వచ్చాడు. వెంట వాళ్లమ్మ తిమ్మక్క కూడా వచ్చింది. ఎమ్మిగనూరులో ఉన్న కూతురి దగ్గరకు పోతూ, పని అయ్యేదాకా కూర్చుంటానంది. తిమ్మక్క ఆ గుంపుకు వంటమనిషి. ఆ ఆరు రోజులూ నాకు జొన్నరొట్టె పెట్టింది ఆమే.

"ఒకసారి ఆడి చూపించు నాగేష్, వాళ్లు అడుగుతారు" అన్నాను.

వాడు ఫోను తీసి తటపటాయించాడు. తర్వాత నేరుగా పోయి కత్తులు కొన్నాడు. పక్క కోట మీద పడ్డాడు. రెండు నిమిషాల్లో వాళ్లు తిరగబడి నాగేష్ గాదెనే కాల్చేశారు.

"ఇట్లా ఆడవు కదా నువ్వు?"

"ఈపొద్దు సేయి కుదరలేదు మేడమ్" అన్నాడు, నా ముఖం చూడకుండా. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది వాడి వాలకం.

వెనక బెంచీ మీదున్న తిమ్మక్క ఇక ఉండలేకపోయింది. "గింజలు లేకుండా కత్తులెందుకురా? తిండి లేనోడు ఏం కొట్లాడతాడు? ఇట్లియ్యి" అని ఫోను లాక్కుంది. ముందు గాదె కట్టింది. తలుపు మూసింది. ఆమె బొటనవేలు తడబడలేదు. ఆ వరస నాకు కంఠతా వచ్చు, మూడేళ్లుగా నేను బొమ్మలు గీసి చూపిస్తున్న వరస అది.

నేను ఆమె పక్కకు జరిగాను. "తిమ్మక్కా, నువ్వు ఇతని కోట ఒక్కటే ఆడతావా?"

ఆమె కొడుకు వైపు చూసింది. నాగేషే చెప్పాడు. "అందరివీ అమ్మే ఆడేది మేడమ్. పొద్దన్నే పన్నెండు ఫోన్లూ అమ్మకు ఇచ్చి పోతాము. మోటరు కొట్టంలో ఒక్కటే ప్లగ్గు బోర్డు గదా, వంతులేసి చార్జింగు పెడతాది. కాయ కోసి వచ్చినాక ఫోను ముట్టేకి ఓపిక యాడుంటాది? కోట పోకుండా సూడమ్మా అని మేమే సెప్పినాము."

"మరి నేను అడిగినప్పుడు?"

"అమ్మ ఆడుతుందని సెప్పేకి సిగ్గయింది."

"కోతకు పొయ్యేటప్పుడు అందరి సిన్నపిల్లోల్లనూ నా దగ్గర ఇడిసిపోతారు" అంది తిమ్మక్క, తప్పేమీ చేయనట్టే. "పిల్లోల్లను సూసుకునేదాన్ని, కోటల్ను సూసుకోనా?"

గోడ గడియారంలో రెండూ పది. పన్నెండు మంది లేరు, ఒక్కతే ఉంది. ఉమ్మడి ఆటా లేదు, వలస నేర్పిన ఓర్పూ లేదు. పన్నెండు మంది పిల్లలకు కడుపు నింపే ఒక వంటమనిషి ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రాసింది రాసినట్టు చదివేస్తే అక్కడ ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన నాకు వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను.

"సెప్పేస్తారా అమ్మా?" తిమ్మక్క గొంతు తగ్గింది. "ఒకరివి ఒకరు ఆడితే గేము కంపెనోల్లు కోటలు మూసేస్తారంట. పిల్లోల్లు ఏండ్లుగా కట్టుకున్న కోటలు. మూసేస్తే నా ముఖం సూస్తారా?"

అప్పటిదాకా నా కోట గురించే ఏడుస్తున్నాను. ఆమె భయం నా భయం కంటే పెద్దదని అప్పుడు తెలిసింది. కోటల పేర్లున్న స్లైడు తీసేశాను. గేము పేరు చెప్పనన్నాను, ఆమె పేరూ చెప్పనన్నాను. ఒకామె అని మాత్రం చెప్తానంటే ఆలోచించి తలూపింది.

రెండున్నరకు తెర మీద ఇరవై ఏడు ముఖాలు. శీర్షిక చదివాను. తర్వాత, ఈ పేపరు తప్పు అని ఇంగ్లీషులో చెప్పాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిన కథ నాది అని చెప్పబోతే ఆ సామెతకు ఇంగ్లీషు దొరకలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఎవరో ఏదో రాసుకుంటున్నారు. నా మూడేళ్లు అయిపోయాయి అనుకున్నాను.

చివరికి తెల్లగడ్డం పెద్దాయన ఒకాయన చెయ్యెత్తాడు. దయగానే మాట్లాడాడు. "పన్నెండు ఫోన్లు పోయాయి, సరే. కానీ మీ తొమ్మిదో పేజీ ఉంది కదా. మీ కోట మీరే ఆడారు. మీ చెయ్యి మారింది. అంటే ఆ ఆట ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందన్నమాట. అది చాలు, మళ్లీ మొదలుపెట్టొచ్చు."

నాకు ప్రాణం లేచి వచ్చింది. గబగబా తొమ్మిదో పేజీ బొమ్మ తెర మీదికి తెచ్చాను. నిండిన గాదె, మూసిన తలుపు, నా కోట.

వెనక బెంచీ మీది తిమ్మక్క లేచి తెర దగ్గరకు వచ్చింది. ఆమె ముఖం విప్పారింది.

"ఇది మీదే గదమ్మా. మీరు గూడా లాకు లేని ఫోను ఆ బోర్డు కాడే పెట్టి పోతాంటిరి. అన్నీ కత్తులే కొని, గాదె ఖాళీగా పెట్టుకొనింటిరి. పాపం, కొత్త పిల్ల, దీనికెవరూ సెప్పినోల్లు లేరేమో అని దినామూ నేనే నింపినా."

పెద్దాయన ఎదురుచూస్తున్నాడు. ఆమె ఏమంటోంది అని అడిగాడు.

నేను మైకు దగ్గరకు జరిగాను.

"నా కోట కూడా ఆమే ఆడిందట" అన్నాను. "ఆరు రోజులు ఆమె పెట్టిన రొట్టె తిన్నాను. నా ప్రశ్నల కాగితంలో నలభై ప్రశ్నలున్నాయి. ఆమెను ఒక్కటీ అడగలేదు."