కిందికి దిగని ఒత్తు

ఇల్లందు బస్టాండు వెనక టీవీలు బాగుచేసే అహ్మద్ పాషాకు పదిమందిని అడగకుండా పని మొదలుపెట్టే అలవాటు లేదు. తండా ఆడవాళ్ల సంఘం కోసం అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు తెప్పించిన రోజు కూడా వాట్సాప్ గ్రూపులో వాయిస్ పెట్టాడు.

"భాయ్, దీన్ని నడిపియ్యనీకి ఏ లైనక్స్ ఎక్కిస్తే మంచిది? పాత టీవీకి తగిలిస్త. ఇయ్యాల వాన వస్తదా రాదా చూపియ్యాలె, గంతే."

గంతే అన్నాడు గానీ గ్రూపులో రెండు రోజులు కొట్లాటే. ఒకాయన డెబియన్ అనే పెద్ద లైనక్స్ పెట్టమంటే, ఇంకొకాయన ఆ చిన్న ప్రాణానికి అంత బరువెందుకని మీద పడ్డాడు. బోనకల్‌లో రైల్వే ఉద్యోగం చేసే కోటేష్ మాత్రం తీరిగ్గా ఫోన్ చేశాడు.

"పెద్దదాంట్ల అన్నీ ఉంటయ్ భాయ్, కానీ లేవనీకి టైం పడ్తది. చిన్నది జల్దీ లేస్తది. తండాల కరెంటు ఎట్లుంటది?"

"పోతనే ఉంటది."

"ఐతే చిన్నదే ఎక్కియ్యి."

చిన్నదే ఎక్కించాడు. స్విచ్చి వేసిన ఇరవై సెకన్లలో టీవీ మీద 'ఈరోజు ఎండ' అని వచ్చింది. పాషా ఉర్దూ మీడియంలో ఏడు తరగతులు చదివాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ, చదవడం మాత్రం దుకాణాల బోర్డులు ఆనవాలు పట్టినట్టే. 'ఎండ' ఆయనకు తెలిసిన ముఖమే. సంతోషంగా తీసుకెళ్లి తండాలో బిగించి వచ్చాడు.

అక్కడ ఆ టీవీని చదివి వినిపించే పని చాందిది. ఆమెకు నలభై ఎనిమిదేళ్లు. అక్షరాలు నేర్చుకుని రెండేళ్లయింది. అన్నిటికన్నా ఒత్తులే ఏడిపించాయి, వానాకాలమంతా వాటికే సరిపోయింది. పొద్దున్నే ఆమె చదివి చెబితేనే సంఘం వాళ్లు అడవిలో ఏరుకొచ్చిన ఇప్పపువ్వును కళ్లంలో ఎండబోస్తారు. తడిస్తే పువ్వు నల్లబడుతుంది, ఏరిన కష్టమంతా పోతుంది. ఈ పని బడికెళ్లిన వాళ్లెవరికైనా ఇద్దామని సంఘంలోనే ఉన్న ఆమె వదిన మోతి మొదట్నించీ అంటూనే ఉంది. చాందియే పట్టుబట్టి తీసుకుంది.

ఎనిమిది రోజులు ఎండే. ఎనిమిది రోజులూ చాంది గొంతెత్తి చదివింది. తొమ్మిదో రోజు పాషా వైర్లు చూసిపోదామని బండి మీద వచ్చాడు. ఆడవాళ్లు బుట్టలతో నిలబడి ఉన్నారు. టీవీ మీద ఇలా ఉంది: 'ఈరోజు మధ్‌యాహ్‌నం వర్‌షం'.

చాంది నోరు తెరిచి ఆగిపోయింది. "మధ్... యా..."

మోతి నవ్వింది. పాషాకు అర్థం కావాలనేమో, తమ లంబాడీ మాటలో కాకుండా తెలుగులోనే అంది. "ఏందే చాందీ, నీకు ఎండ ఒక్కటే నేర్పిండ్రా?"

అందరూ నవ్వారు. చాంది కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకు రాదు వదినా. మర్చిపోయినట్టున్న. ఇంకెవర్నన్న పెట్టుకోండ్రి."

పాషాకు టీవీలో ఏ తేడా కనిపించలేదు. అయినా మనసొప్పక, ఫోన్లో అదే వాతావరణం కబురు తీసి ఆమె చేతికిచ్చాడు. "గిది చదువు చెల్లె."

"ఈరోజు మధ్యాహ్నం వర్షం," అని గబగబా చదివేసింది చాంది. ఫోన్ వంక చూసింది, టీవీ వంక చూసింది. "భాయ్! ఫోన్ల ఒత్తులు కింద ఉన్నయ్. నీ టీవీల కిందికి దిగకుండ పక్కకు నిలబడ్డయ్." అంతలోనే వెనక్కి తిరిగి కేకేసింది. "బుట్టలు లోపలికి పెట్టుండ్రి, వాన ఉన్నది!"

బుట్టలు లోపలికెళ్లాక పాషా ఫోటో తీసి కోటేష్‌కు పంపాడు. వెంటనే ఫోన్ వచ్చింది.

"అయ్యో, అది నేనే ముందు చెప్పాల్సుండె భాయ్. ఆ చిన్నదాంట్ల అక్షరం పక్కన అక్షరం పెట్టుడే తెలుసు, ఒత్తును కిందికి దించుడు తెల్వదు. నువ్వు పరీక్ష చేసింది 'ఎండ'తోనాయె, దాంట్ల ఒత్తే లేదు. డెబియన్ ఎక్కియ్యి, తెలుగు సక్కగొస్తది. కానీ కరెంటు పోయొచ్చినప్పుడల్లా మూడు నిమిషాలు ఆగాలె."

జల్దీ లేస్తుందని సంఘానికి మాటిచ్చిన పాషా, రెండిట్లో ఏది కావాలని బిడియంగా చాందిని అడిగాడు. ఆమె ఆలోచించనే లేదు. "సక్కగ రాసేదే తే భాయ్."

మధ్యాహ్నం వాన పడనే పడింది. మర్నాడు పాషా డెబియన్ ఎక్కించిన కార్డు బోర్డులో పెట్టి స్విచ్చి వేశాడు. టీవీ నల్లగానే ఉంది. ఒక నిమిషం, రెండు నిమిషాలు.

"ఇంకా లేవదాయె నీ టీవీ," అంది మోతి.

"లేస్తది వదినా. నాకు అక్షరం పట్టనీకి నలభై ఆరేండ్లు పట్టింది. దీనికి మూడు నిమిషాలు ఇయ్యలేమా?"

తెర వెలిగింది. 'ఈరోజు ఎండ'. ఆడవాళ్లు బుట్టలెత్తబోయారు గానీ చాంది కదల్లేదు.

"ఎండ అని ఏదైనా రాస్తది భాయ్. వర్షం రాసి చూపియ్యి."

పాషా ఫోన్లోంచి ఆ మాటను టీవీకి పంపాడు. తెర మీద 'వర్షం' అని నిలిచింది. చాంది గట్టిగా చదివింది.

మోతి బుట్ట దించి టీవీ దగ్గరికొచ్చింది. "ఒత్తు ఒత్తు అంటున్నవ్, యాడుందే అది?"

చాంది ఆమె వేలు పట్టుకుని తెర మీద పెట్టింది. "గిది ర. దీని కింద, గిదిగో, ష."